వాణ్నే అడుగుండ్రి

వైకల్య సర్టిఫికెట్లిచ్చే సదరెం క్యాంపుకు పోయే ముందు రోజు రాత్రి తల్లులు పిల్లలకు ఒక పాఠం చెప్పేవాళ్లు. "రేపు డాక్టరు సారు ఏమన్న అడిగితే సప్పుడు జెయ్యకు బిడ్డా. మాట్లాడితే పర్సంటేజీ తగ్గుతది." 2010 ప్రాంతంలో కరీంనగర్ జిల్లాలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే ఒక భవిత కేంద్రంలో ఐఈఆర్పీగా, అంటే ప్రత్యేక టీచరుగా పనిచేసేదాన్ని. ఈ పాఠం చాలా ఇళ్లలో విన్నాను. 40 శాతం వైకల్యం తేలితేనే సర్టిఫికెట్టు అక్కరకొస్తది, పింఛను వస్తది. అప్పట్లో అది నెలకు 500 రూపాయలు. పొద్దంతా బీడీలు చుట్టే తల్లికి అవి చిన్న పైసలేం కావు. వారం పొడుగునా పిల్లవాడి నోట నాలుగు మాటలు పలికించాలని నేను తండ్లాడితే, క్యాంపు నాడు ఆ నాలుగు మాటలూ బయటికి రాకుండా చూడాలని తల్లి తండ్లాడేది. ఆమెను తప్పుపట్టలేను. నోరు మూసుకుంటేనే పైసలిచ్చే ఏర్పాటు ఆమె చేసింది కాదు.

మా కేంద్రానికి సిరిసిల్ల మరమగ్గాల కార్మికుని కొడుకు ఒకడు వచ్చేవాడు. అప్పుడు పదేళ్లు. మాటలు తక్కువ, చూపు ఎప్పుడూ పక్కకే. పెద్ద చప్పుడైతే బల్ల కిందికి దూరేవాడు. వాణ్ని, వాళ్లమ్మను తీసుకొని క్యాంపుకు పోయాను. తెల్లారకముందే వరుసలో నిలబడితే మా వంతు మధ్యాహ్నానికి వచ్చింది. మూడు చక్రాల బండ్లు, చంకకర్రలు, టిఫిను డబ్బాలు, చంకల్లో నిద్రపోయే పిల్లలు. పిలిచిన అర్రలో బల్ల మీద ఒక చెక్క పలక ఉంది. పది ఆకారాలు, పది గుంటలు. గుండ్రం, చుక్క, ప్లస్సు గుర్తు వంటివి. ఏది ఏ గుంటలో కూర్చుంటుందో పెట్టాలి, పక్కన స్టాప్‌వాచ్ నడుస్తుంటుంది. ఆ పలక మా కేంద్రంలోనూ ఉండేది. అక్కడ వాడు ఆడుకుంటూ పెట్టేసేవాడు.

అక్కడ మాత్రం చుక్కను చేతిలోకి తీసుకొని, మళ్లీ బల్ల మీద పెట్టి, రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. అంతే. పరీక్ష చేసే సారు వాళ్లమ్మ దిక్కు తిరిగాడు. "బట్టలేసుకుంటడా? అన్నం తింటడా?" "ఏం రాదు సారూ, అన్నీ నేనే చెయ్యాలె." నిజానికి వాడు అంగీ గుండీలు సక్కగా పెట్టుకుంటాడు, ఇంట్లో నూలు కండెలు రంగురంగుకూ విడిగా పేరుస్తాడు. కాగితం మీద బుద్ధిమాంద్యమని, 75 శాతమని పడింది.

బస్టాండు కాడ చెరుకు రసం తాగిపిస్తుంటే వాడు నోరు విప్పాడు. "లైటు లొల్లి పెట్టింది." ఏ లైటని అడిగాను. "గా అర్రల. గుయ్యిమని." నాకప్పుడు యాదికొచ్చింది. బల్ల పైనున్న ట్యూబులైటు చోకు చెడిపోయి మోగుతుండె. మేమెవరం దాన్ని పట్టించుకోలేదు. చుక్కను ఎందుకు కింద పెట్టినవని వాణ్ని అడిగినవాళ్లు లేరు. అడిగినా ఆ రోజు చెప్పేవాడు కాదనుకోండి, వాళ్లమ్మ ఆర్డరు ఉండె.

వాడి కాగితం మీద ఆటిజం అని రాకపోవడానికి ఇంకో కారణం ఉంది. 1995 నాటి వికలాంగుల చట్టం ఏడు రకాల వైకల్యాలను లెక్కగట్టింది, వాటిలో ఆటిజం లేదు. 1999లో వచ్చిన నేషనల్ ట్రస్ట్ చట్టం ఆటిజం పేరు చెప్పింది గానీ, సర్టిఫికెట్లిచ్చే చోట పాత గడులే నడిచినయి. 2016 చట్టం వచ్చాకే లెక్క 21కి పెరిగి ఆటిజం, చదువులో ఇబ్బంది పడే డిస్లెక్సియా వంటివి అందులో చేరినయి. అదే ఏడు, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ తయారుచేసిన ఇసా అనే కొలమానాన్ని ఆటిజం సర్టిఫికెట్లకు వాడాలని కేంద్రం చెప్పింది. 40 అంశాలు, ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు మార్కులు. మొత్తం 70కి చేరితే ఆటిజం ఉన్నట్టు. కళ్లలోకి చూస్తాడా, ఒంటరిగా ఉంటాడా అని తల్లిని అడుగుతారు, పిల్లవాణ్ని గమనిస్తారు. మంచి పనిముట్టే. నేనే చాలామంది తల్లులకు దాన్ని విడమరిచి చెప్పాను. అయితే ఆ 40లో, నీకేది కష్టమైతుంది బిడ్డా అని వాణ్నే అడిగే అంశం ఒక్కటీ లేదు.

ఇక్కడ కొండగట్టు సంగతి చెప్పాలి. మా సిరిసిల్ల పిల్లవాణ్ని వాళ్లమ్మ అక్కడి అంజన్న గుడికి తీసుకపోయి పదకొండు రోజులు ఉంచింది. మతి నిలకడ లేనివాళ్లు అక్కడ నిద్రచేస్తే బాగైతరని మా దిక్కు నమ్మకం. కొందరు పదకొండు రోజులంటరు, కొందరు నలభై అంటరు. ఉద్యోగరీత్యా నేను ఆమెను వద్దనాలి, అనలేదు. నేనూ ఒక పూట పోయి చూశాను. ఒకామె మండపంలో గట్టిగా అరుస్తున్నది, పక్కనే ఒకాయన పులిహోర తింటున్నాడు, తల ఎత్తి చూడలేదు. ఎవరూ ఎవర్నీ కాగితం అడగడం లేదు. పిల్లగాడు స్తంభం చుట్టూ తిరుగుతుంటే తిరగనిచ్చారు. రోగం తగ్గుతుందని నేను నమ్మను. కానీ వాణ్ని చూసి నవ్వని జనం నాకు ఊళ్లో, బడిలో, ఆస్పత్రిలో కనబడలేదు, అక్కడే కనబడ్డరు.

2016 అక్టోబర్ 11న జిల్లాలు విడిపోయినయి. మా కరీంనగర్ నుంచి సిరిసిల్ల, జగిత్యాల, పెద్దపల్లి వేరుపడ్డయి. ఆదిలాబాద్ కూడా నాలుగు జిల్లాలైంది. ఆ తర్వాత మా ఇంటాయనకు సింగరేణిలో శ్రీరాంపూర్ ఏరియాకు బదిలీ అయితే మంచిర్యాలకు మారాం. కాంట్రాక్టు కొలువు వదులుకొని ఒక స్వచ్ఛంద సంస్థలో చేరాను. పని లక్షెట్టిపేట, జన్నారం దాటి ఉట్నూరు వైపు గోండు గూడేల్లో. అక్కడ నాకు మొదటి తిప్పలు భాష. పిల్లలు ఇంట్లో గోండి మాట్లాడతారు, పరీక్షలేమో తెలుగులో. తెలుగులో అడిగిన దానికి జవాబు రాకపోతే పిల్లవాడికి బుద్ధి లేదని రాసిన కాగితాలు నా చేతుల మీదుగా పోయినయి.

ఒక గూడెంలో పంతొమ్మిదేళ్ల యువకుడు ఉండేవాడు. మాటలు రావు. ఊరి పశువులు మేపుతాడు. అతన్ని అక్కడ రోగి అనేవాళ్లు లేరు, పశువులు సరిగ్గా ఇంటికి చేరుతున్నయా లేదా అనేదే వాళ్ల లెక్క. ఒకసారి చదువుకునే పిల్లలు నలుగురు మూడు మోటారు సైకిళ్ల మీద తమ పరిశోధన సర్వేకు వచ్చారు. గూడెం పటేల్‌కు రాం రాం చెప్పి, అతని తండ్రి చేత అంగీకార పత్రం మీద వేలిముద్ర వేయించుకొని, ఫోను తీసి ఫొటోకు సిద్ధమయ్యారు. బండ్ల చప్పుడుకు అతను ఎప్పుడో చెట్లల్లోకి పోయాడు. "అతన్ని అడిగిన్రా?" అన్నాను. "మాటలు రావు కదా మేడం, గార్డియన్ సంతకం సరిపోతది" అన్నాడు ఒక పిల్లగాడు. మర్యాదస్తుడే, తెలియక అన్న మాట.

సరిపోదు. 2016 చట్టం ఆరో సెక్షన్ ఈ సంగతి చెబుతుంది. వికలాంగుల మీద పరిశోధన చేయాలంటే వాళ్లకు అందే పద్ధతిలో చెప్పి, వాళ్ల సొంత ఇష్టంతో ఒప్పుకోలు తీసుకోవాలి. దాని పైన ప్రభుత్వం వేసే కమిటీ అనుమతి ఉండాలి. ఆ కమిటీలో కనీసం సగం మంది వికలాంగులో, రిజిస్టరైన సంఘాల సభ్యులో అయి ఉండాలి. ఆ రెండో మాట దగ్గర నాకు పేచీ ఉంది. సంఘాల సభ్యులంటే తల్లిదండ్రులు కావచ్చు, నాలాంటి టీచర్లు కావచ్చు. ఆటిజం ఉన్న మనిషి ఒక్కరు లేకుండానే ఆ సగం నిండిపోతుంది.

ఆ గూడెం అంగన్‌వాడీ టీచరు గోండు అమ్మాయి. ఆమె, నేను కూర్చొని బొమ్మల కార్డులు గీశాం. ఫోను, కాగితం, పశువులు, నడిచే మనిషి, బండి. రెండో విడత ఆ పిల్లలను నడిచి రమ్మన్నాం. అతను కార్డులు ఒక్కొక్కటే చూశాడు. ఫోను బొమ్మను నేల మీద బోర్లించి దాని మీద రాయి పెట్టాడు. బండి బొమ్మకూ అంతే. పశువుల కార్డును మాత్రం చేతిలోనే పెట్టుకున్నాడు. ఫొటో లేకుండా, పశువుల వెంట నడుస్తూ రెండు పూటలు గమనించి రాసుకున్నారు. "మా గైడు ఫొటోలు అడుగుతడు మేడం" అని గొణిగారు. అడగనీ. 2018లో ప్లాస్ మెడిసిన్ పత్రికలో మన దేశపు పిల్లల మీద పెద్ద సర్వే ఒకటి అచ్చయింది. రెండు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలు నాలుగు వేల మంది దాకా, ఐదు చోట్ల. మన వైపు నుంచి అందులో ఉన్నది హైదరాబాద్. ఉట్నూరు గూడేల దాకా వచ్చే పరిశోధనే తక్కువ, వచ్చిన ఆ కొంచెమైనా మనిషిని అడిగి చేస్తే ఏం పోతుంది?

ఈ ఆలోచన నా సొంతమేమీ కాదు. 1993లోనే జిమ్ సింక్లెయిర్ అనే ఆటిజం ఉన్న వ్యక్తి టొరంటో సభలో తల్లిదండ్రులతో సూటిగా మాట్లాడారు. మీరు కలగన్న బిడ్డ కోసం పడే ఏడుపును, మీ ముందున్న బిడ్డ మీద వేయకండని దాని సారాంశం. సికింద్రాబాద్‌లో నేను తీసుకున్న శిక్షణలో ఆ సంగతి మొదటిసారి విన్నప్పుడు, మా వైపు సభల్లో ఇట్లా ఎవరన్నా మైకు పట్టుకుంటరా అని నవ్వుకున్నాను.

మైకు పట్టుకోలేదు, ఫోను పట్టుకున్నాడు. ఏప్రిల్ 2 ఆటిజం దినం నాడు కరీంనగర్‌లో మీటింగు పెట్టారు. నీలం బుగ్గలు, శాలువాలు, ముఖ్య అతిథి, పిల్లలందరినీ తీసుకొచ్చి సౌండ్ బాక్సు ముందరే కూర్చోబెట్టారు. మా సిరిసిల్ల పిల్లగాడు అప్పటికి ఇరవై దాటినవాడు. మాట ఇప్పటికీ కష్టమే గానీ వాట్సప్‌లో తెలుగు గడగడా రాస్తాడు. స్టేజీ మీద వాళ్లమ్మ వాడి కష్టాలు చెబుతుంటే నాకు వరుసగా మెసేజులు వచ్చినయి. "బాక్సు బంద్ చెయ్యమనండి." "చప్పట్లు వద్దు, చేతులు ఊపమనండి." "అమ్మ చెప్పింది తప్పు. నేను వంకాయ తినను అనలేదు. మెత్తగ ఉడికిస్తే తినను." ఆ మూడూ స్టేజీ ఎక్కి చదివాను. వంకాయ దగ్గర సభంతా నవ్వింది, వాళ్లమ్మ అందరికన్నా ఎక్కువ నవ్వింది.

ఆ తర్వాతి మీటింగుకు ఏం మాట్లాడాలో ముందుగా ఐదుగురు పిల్లలనే అడిగాం. మేము అనుకున్నవి థెరపీ, స్పెషల్ బడి. వాళ్లు చెప్పినవి వేరు. బస్సులో కండక్టరు పాసు చూపించమని అందరి ముందు అరవొద్దు. మంగలి షాపులో మిషను వద్దు, కత్తెర చాలు. పది పరీక్షలో రాసిపెట్టడానికి వచ్చిన పిల్ల నా జవాబు కాకుండా తన జవాబు రాసింది. బతుకమ్మ కాడ డీజే వద్దు. ఈ చివరిది మా సిరిసిల్ల వాడలో పట్టుకున్నారు. సద్దుల బతుకమ్మ నాడు మొదటి గంట డీజే లేకుండా చప్పట్లతోనే ఆడాలని ఒప్పుకున్నారు. ముసలవ్వలు సంబరపడ్డారు, వాళ్ల పాట వాళ్లకు వినబడ్డదని. డీజే తెచ్చిన పోరలు మూతి ముడుచుకున్నారు.

అన్నిటికన్నా పంచాయితీ అయిన సంగతి కూలిది. వాడు చీరలు మడతపెట్టే పని చేస్తాడు, మగ్గాల చప్పుడు అందని అర్రలో. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్లు వచ్చాక ఆ పని బాగా దొరికింది. పక్కోళ్లకు ఇచ్చే దానిలో సగమే వీడికి ఇచ్చేవాడు యజమాని, పింఛను వస్తుంది కదా అని. తల్లికి తెలుసు, అడగడానికి మొహమాటం. వాడు మాత్రం తన మడతలు, పక్కోళ్ల మడతలు రోజూ లెక్కరాసి ఆ కాగితం యజమాని గల్లా పెట్టె మీద పెట్టాడు. వారం పాటు మాటలు లేవు. తర్వాత రేటు సమానమైంది.

పింఛను 2014లో 1500, 2019లో 3016, 2023లో 4016 అయింది. మొత్తం పెరిగేసరికి బ్యాంకు ఖాతాకు గార్డియన్ కాగితం కావాలన్నారు. నేషనల్ ట్రస్ట్ చట్టం కింద అది ఇచ్చేది కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీ. అందులో ఒక సంఘం ప్రతినిధి, ఒక వికలాంగుడు కూడా ఉంటారు. నేను మంచిర్యాల నుంచి పోయాను. అధికారి అలవాటు కొద్దీ తల్లినే అడిగాడు, అబ్బాయికి ఇష్టమేనా అమ్మా అని. క్యాంపులో అన్నీ నేనే చెయ్యాలె అన్న మనిషి ఈసారి, "వాణ్నే అడుగుండ్రి సారూ, జర ఆగాలె, రాసి చెప్తడు" అన్నది. ఆయన ఆగాడు. ఫోను మీద జవాబు వచ్చింది. "అమ్మ సంతకం పెట్టొచ్చు. పైసలు ఎన్ని ఉన్నయో నెల నెలా నాకు చూపించాలె." ఆ షరతు ఫారంలో ఎక్కడ రాయాలో ఎవరికీ తెలియలేదు. చివరికి కమిటీలోని వికలాంగ సభ్యుడే, మినిట్స్‌లో రాయండి సార్ అన్నాడు, రాశారు.

ఇప్పుడు ప్రతి నెలా మొదటి వారంలో తల్లీ కొడుకులు పాసుబుక్కు ప్రింటు వేయించుకొస్తారు. పోయిన నెల ఆమె నాకు ఫోను చేసి మొరపెట్టుకుంది. "ఆరు వందలు ఎందుకు తీసినవని అడుగుతుండు మేడం. సంఘంల కిస్తీ కట్టిన అని చెప్పిన. రసీదు సూపియ్యుమంటుండు."