పాత లారీకి చల్లగాలి

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోయే 40వ నంబరు జాతీయ రహదారి పక్కన, లారీలకు ఏసీ బిగించే షెడ్డు అది. మే నెల మధ్యాహ్నం. పనికొచ్చిన లారీ క్యాబిన్ చెక్కతో, రేకులతో కట్టింది. ఇంజిన్ డ్రైవరు మోకాలి పక్కనే ఉంటుంది. దాని మూత మీద చెయ్యి ఆనించలేకపోయాను. ఆళ్లగడ్డ శిల్పులు చెక్కిన రాతి విగ్రహాలు వేసుకుని ఆ డ్రైవరు ఈ సెగలోనే ఊళ్లు తిరుగుతాడు.

"ముందు ఇంజిన్ వేడి ఆపల్లన్నా. అది ఆపకుండా ఎంత గ్యాస్ పట్టినా దండగే" అన్నాడు మెకానిక్. మూత కింద వేడినాపే షీటు అతికించాడు. పెడళ్ల దగ్గర సందులు పూడ్చాడు. తలుపులకు కొత్త రబ్బర్లు వేశాడు. సగం పని ఇదే. ఆ తర్వాతే కంప్రెసర్‌కు బ్రాకెట్ కట్టి, ఇంజిన్ పుల్లీ నుంచి బెల్టు తగిలించాడు. కండెన్సర్ రేడియేటర్ ముందు కూర్చుంటుంది కాబట్టి రేడియేటర్‌కు అందేది వేడిగాలే. అందుకే ముందు దాన్ని విప్పి కడిగించాడు. గిద్దలూరు వైపు నల్లమల ఘాట్ ఎక్కేటప్పుడు ఏసీ ఆపెయ్యమని డ్రైవరుకు రెండుసార్లు చెప్పాడు.

ఏసీ నడవాలంటే ఇంజిన్ తన శక్తిలో కొంత ఇవ్వాలి, దాని బరువూ మొయ్యాలి. చిన్న విమానాలకైతే ఈ లెక్క కుదరడం కష్టం. సెస్నా 172లో కొత్త రకానికే ఇంజిన్ శక్తి 180 హార్స్‌పవర్. ఏసీ బరువు పెరిగితే మోసే ఇంధనమో, మనుషులో తగ్గాలి. అందుకే కొందరు పైలట్లు ఐసు పెట్టెకు ఫ్యాను బిగించుకుని సరిపెట్టుకుంటారు. పైకి లేచాక కిలోమీటరుకు సుమారు ఆరున్నర డిగ్రీల చొప్పున గాలి చల్లబడుతుంది కూడా. లారీకి ఆ వెసులుబాటు లేదు. అయితే టన్నుల కొద్దీ రాయి లాగే డీజిల్ ఇంజిన్‌కు కంప్రెసర్ తినే శక్తి ఏపాటి? డీజిల్ ఖర్చని వెనకాడే యజమానులతో నేను ఏకీభవించను. సెగకు డస్సిపోయిన మనిషి చేతిలో స్టీరింగ్ ఉండటం అంతకన్నా ఖరీదైన సంగతి.

2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే మధ్యతరహా, భారీ లారీల క్యాబిన్లలో ఏసీ ఉండి తీరాలని కేంద్రం నిబంధన పెట్టింది. అంతకుముందు తయారైన లారీలకు అది వర్తించదు. అవేమో ఇంకా ఏళ్ల తరబడి తిరుగుతాయి. వాటి డ్రైవర్లకు ఇలాంటి షెడ్లే దిక్కు.

"లోడింగ్ కాడ పండుకున్నప్పుడు?" అని డ్రైవరు అడిగాడు. ఇంజిన్ ఆగితే బెల్టు ఏసీ ఆగిపోతుంది. 24 వోల్టుల బ్యాటరీ ఏసీ వేరే ఉంది, పైకప్పు మీద పెడతారు. దానికి ఈ లారీ బ్యాటరీలు చాలవన్నాడు మెకానిక్. యజమానికి ఫోన్ చేశారు. ఇప్పటికి బెల్టు ఏసీకి ఒప్పుకున్నాడు. బ్యాటరీలు మార్చేటప్పుడు రెండోదాని సంగతి చూస్తానన్నాడు.