నాలుగు గంటల దూరము



హైదరాబాదు నుండి దుబాయి పట్టణమునకు ఆకాశమార్గమున సుమారు 2,550 కిలోమీటర్ల దూరము. విమానము దానిని దాదాపు నాలుగు గంటలలో దాటును. తిరిగి వచ్చునప్పుడు, పైయెత్తున వీచు పడమటి గాలి వెనుకనుండి త్రోయుటచేత, కొంత ముందుగానే చేరుట కలదు. ఇక గడియారము మాట. దుబాయి కాలము మన కాలముకంటె గంటన్నర వెనుక. ఇక్కడ ఉదయము 10 గంటలకు బయలుదేరినవాడు, నాలుగు గంటలు ప్రయాణము చేసి, అక్కడ 12:30 అగుచుండగా దిగును.

ఈ లెక్కలు మన పల్లెలలో అక్షరమెరుగని తల్లులకు కూడ కంఠస్థము. కరీంనగరు, నిజామాబాదు, కడప, గోదావరి జిల్లాలనుండి ఎందరో గల్ఫు దేశములకు పనికి వెళ్లియున్నారు. మా సంఘములోని యొక తల్లి నాతో అనెను: "అయ్యగారూ, విమానమెక్కితే నాలుగు గంటలేనంట. మావాడు వచ్చి నాలుగేండ్లాయె." ఆ మాట నన్ను విడువలేదు. విమానమునకు నాలుగు గంటలు చాలును. అప్పు తీరుటకు, సెలవు దొరుకుటకు, టిక్కెట్టు సొమ్ము కూడుటకు ఏండ్లు పట్టును.

యోహాను సువార్త నాలుగవ అధ్యాయము తెరచి చూడుడి. అక్కడను రెండు ఊళ్లున్నవి. ప్రభువు కానాలో ఉండెను. ప్రధానియొక్క కుమారుడు కపెర్నహూములో చావసిద్ధముగా ఉండెను. నడుమ సుమారు ఒక దినపు నడక. ప్రభువు తనతో వచ్చినగాని బిడ్డ బ్రదుకడని తండ్రి తలంచెను. ప్రభువు వెళ్లలేదు. బిడ్డ బ్రదికియున్నాడని చెప్పి తండ్రిని పంపివేసెను. దారిలో దాసులు ఎదురు వచ్చి శుభవార్త చెప్పగా, అతడు ఏ గంటకని అడిగెను. నిన్న ఒంటిగంటకని వారనిరి. ప్రభువు మాట పలికిన గంట అదియే.

వార్త తండ్రికి చేరుటకు మరునాడాయెను. స్వస్థత బిడ్డకు చేరుటకు నిమిషమైనను పట్టలేదు. అయితే నడుమనున్న ఆ త్రోవను గమనించుడి. కంటికి కనబడినదేమియు లేదు. చేతిలోనున్నది ప్రభువు మాట యొక్కటే. దానిని నమ్మి అతడు నడిచెను. మన తల్లులు నేడు ఆ త్రోవలోనే యున్నారు. ఫోనులో బిడ్డ ముఖము కనబడును గాని, వాడు తిన్నాడో లేదో, జ్వరము దాచి నవ్వుచున్నాడో వారికెట్లు తెలియును?

కాబట్టి ఒక మాట. మీ యింట రాత్రి 9 గంటలకు ప్రార్థనకు కూర్చుండునప్పుడు అక్కడ 7:30. ఆ గంట మీ బిడ్డకు తెలియజేయుడి. వాడును ఆ గంటకు తన గదిలో ఒక్క నిమిషము తల వంచును గాక. ఇద్దరి మొరయు వినువానికి కిలోమీటర్లు లేవు.

సంఘస్థులారా, మీకును పని కలదు. గుడివాకిట ఆ తల్లి కనబడినప్పుడు "ఎంత పంపినాడు?" అని ముందుగా అడుగకుడి. "పిల్లవాడు కులాసాయేనా?" అని అడుగుడి. అతని భార్యకు జబ్బుచేసినయెడల ఆసుపత్రికి తోడు వెళ్లుడి. పొలమునకు నీటివంతు వచ్చిన రాత్రి మడవ కట్టుడి. దూరముననున్న వానిని ప్రభువు చూచుకొనుచుండగా, దగ్గరనున్న వారిని మనము చూచుకొందము.