బూటు కింద పులి

ఆఫీసు వాళ్లు అడవికి తీసుకెళ్తామంటే నేను పెద్దగా ఆశపడలేదు. ఏటా ఏదో ఒక రిసార్టు, కళ్లకు గంతలు, తాడు లాగుడు, సాయంత్రం డీజే. ఈసారి అమ్రాబాద్ అన్నారు. ఫిబ్రవరి చివర్లో ఇరవై రెండు మందిమి బస్సెక్కాం.

డిండి దాటి హాజీపూర్ వచ్చేసరికి గాలి మారింది. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర మా నీళ్ల సీసాల పెట్టెలు రెండూ దింపించేశారు. లోపలికి ప్లాస్టిక్ పోనివ్వరు. రాత్రి తొమ్మిదికి మూసిన గేటు మళ్లీ పొద్దున ఆరింటికే తెరుస్తారు. అప్పటిదాకా శ్రీశైలం రోడ్డు జంతువులదే. ఒకప్పటి నాగార్జునసాగర్–శ్రీశైలం టైగర్ రిజర్వులో, రాష్ట్రం విడిపోయాక కృష్ణకు ఉత్తరాన మిగిలిన ముక్క ఈ అమ్రాబాద్ అడవి. ముక్కంటే చిన్నదేం కాదు, 2,600 చదరపు కిలోమీటర్ల పైమాటే.

మర్నాడు పొద్దున మాతోపాటు దగ్గర్లోని సర్కారు బడి నుంచి ఎనిమిదో తరగతి పిల్లలు కూడా నడకకు వచ్చారు. ముందు నడిచేది ఒక చెంచు పెద్దమనిషి, భుజాన గొడ్డలి. హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా పండితుడు 1940లో ఈ పీఠభూమి మీదే చెంచుల మధ్య ఉండి, 1943లో వాళ్ల మీద పుస్తకం వేశాడు. మాకు దొరికింది ఒక్క పూట.

మొసలి వీపులా పలకలు పలకలుగా పగిలిన బెరడు నల్లమద్దిది. ఎండల్లో ఇది బొజ్జలో నీళ్లు దాచుకుంటుందట. తెల్లగా, కాగితంలా పొరలు లేచేది తపసి. దీని బంకనే చెంచులు తీసి గిరిజన సహకార సంస్థకు అమ్ముతారు. "గొడ్డలి లోతుకు దింపితిమా, చెట్టు సస్తది సారు. పైపైన గీస్తే ఏడాదేడాది ఇస్తది," అన్నాడాయన. మా మేనేజరు గట్టిగా తలూపాడు. పక్కనున్నవాళ్లం మొహాలు తిప్పుకున్నాం.

తర్వాత అందర్నీ కూచోబెట్టి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా వినమన్నాడు. అదేం లెక్క అనుకున్నాం గానీ, రెండో నిమిషంలోనే మాలో ఒకడు దగ్గాడు, ఇంకొకడు దానికి నవ్వాడు. ఎవరేం విన్నారో చెప్పమంటే మావాళ్లు దూరంగా లారీ హారన్ అన్నారు, ఎక్కడో మోటరు కొట్టుకుంటోందన్నారు. పిల్లలు పకపకా నవ్వారు. ఆ మోటరు కంసాలిపిట్ట! పిల్లల లెక్కకు పదకొండు చప్పుళ్లు తేలాయి. కొండముచ్చు "ఖక్" మనడం కూడా అందులో ఉంది. దాన్ని మాలో ఒక్కరూ వినలేదు. వింటే, అదెందుకు అరిచిందో అడగాలనైనా తోచేది.

లేచి నడుస్తుంటే టేకాకులు కాళ్ల కింద అప్పడాల్లా నలుగుతున్నాయి. ఆ చప్పుడు పడక నేను పక్కనే ఉన్న బండిబాట దుమ్ములోకి దిగాను.

"ఆగుండ్రి సారూ! కాలు తియ్యకుండ్రి."

పామేమో అనుకుని బిగుసుకుపోయాను. ఆయన వచ్చి మోకాళ్ల మీద కూర్చుని నా మడమ మెల్లగా పైకెత్తాడు. బూటు కింద సగం పులి అడుగు. వెనకవైపు మూడు వంపులున్న మెత్త, దాని ముందు రెండు వేళ్లు. మిగతా రెండింటినీ నేను తొక్కేశాను. "గోరు పడలే, సూడుండ్రి. కుక్కదైతే, దుమ్ములగొండిదైతే పడ్తది. ఎండాకుల మీద పోతే దానికీ సప్పుడైతది, అందుకే బాటెంబడి పోతది." అంటే నాకు తోచిన ఆలోచనే నాకన్నా ముందు దానికీ తోచిందన్నమాట.

ఇదివరకు ఈ అడుగుజాడలతోనే పులుల్ని లెక్కపెట్టేవారు. 2006 నుంచి దేశవ్యాప్త లెక్కకు కెమెరాలు వాడుతున్నారు. ఇంకాస్త దూరం పోయాక బాటకు అటొకటి, ఇటొకటి చెట్లకు కట్టి కనిపించాయి. పులి కుడిపక్క చారలు, ఎడమపక్క చారలు ఒక్కలా ఉండవు కాబట్టి రెండువైపులా ఫొటో పడాలి. కాసేపటికి మావాళ్లు వాటి ముందు నిలబడి పోజులిచ్చారు.

తిరిగొచ్చేటప్పుడు చూస్తే ఆ అడుగు చుట్టూ పిల్లలు గులకరాళ్లు పేర్చారు. ఒక పాప గొంతుక్కూచుని నోటు పుస్తకంలో బొమ్మ దింపుతోంది. తొంగి చూశాను. మెత్త, రెండు వేళ్లు, ఆ పక్కన నా బూటు అట్ట మీది వంకర గీతలు ఒక్కటీ వదలకుండా వేసింది. కింద గుండ్రటి అక్షరాలతో రాసింది: "పులి, సారు."