తెర మీద పట్టని సగం

వీడియో కాల్‌లో పేషెంటు మనకు నడుము దాకా కనిపిస్తారు. మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎం.ఎస్.) అనే నరాల జబ్బులో కొంప ముంచేది చాలాసార్లు నడుము కింది భాగమే. హైదరాబాదు దాకా రాలేక ఇంటి దగ్గరే ఫోన్ ముందు ఫిజియోథెరపీ చేసుకునే ఎం.ఎస్. పేషెంట్లను చూడగా చూడగా నాకొక అభిప్రాయం స్థిరపడింది. వ్యాయామం వల్ల వచ్చే ముప్పు తక్కువే. ఆ గది వల్ల, ఆ వేళ వల్ల, కాల్ పెట్టేశాక గడిచే పావుగంట వల్ల వచ్చేదే ఎక్కువ.

ఒకప్పుడు ఈ జబ్బున్నవాళ్లను అసలు వ్యాయామమే చేయొద్దనేవారు. ఒళ్లు అలిస్తే జబ్బు తిరగబెడుతుందని భయం. 1996లో అమెరికాలోని యూటాలో పెటాజన్ బృందం 15 వారాల పాటు ఏరోబిక్ వ్యాయామం చేయించి, సత్తువ పెరుగుతుందే తప్ప చెరుపు లేదని చూపించాక డాక్టర్ల తీరు మారింది. 2014లో పిలుట్టి బృందం 26 అధ్యయనాలను కలిపి లెక్క తీసింది. జబ్బు తిరగబెట్టినవాళ్లు వ్యాయామం చేసినవాళ్లలో 4.6 శాతం, చేయనివాళ్లలో 6.3 శాతం. చిన్నా పెద్దా ఇతర ఇబ్బందులు మాత్రం చేసినవాళ్లలో 2 శాతం, చేయనివాళ్లలో 1.2 శాతం. దూరం నుంచి చేయించే పునరావాస చికిత్స మీద 2015లో వచ్చిన కాక్రేన్ సమీక్ష 9 ట్రయల్స్ చూసింది. వాటిలో తీవ్రమైన హాని ఏదీ నమోదు కాలేదు. సంతోషమే. కానీ నమోదు కావాలంటే పడ్డవాళ్లు నోరు విప్పాలి కదా. మనవాళ్లు విప్పరు.

ఒంగోలు వైపు నుంచి ఒకాయన ఉన్నారు. నలభై దాటాయి, విత్తనాల కొట్టు. ఎడమ పాదం ఈడుస్తారు. క్లాసుకు ఠంచనుగా వస్తారు, ఏం అడిగినా "బాగానే ఉందండీ" అంటారు. ఒకరోజు చేతులు పైకెత్తమంటే చొక్కా చెయ్యి జారి, మోచేతి కింద కమిలి పచ్చబడుతున్న మచ్చ కనబడింది. మా ఫిజియో అడిగితే "గుమ్మం తగిలిందిలేమ్మా" అన్నారు. ఫోన్ పట్టుకున్న భార్య ఊరుకోలేదు. "గుమ్మమేంటి, మొన్న బాత్రూం దగ్గర పడ్డారు. అంతకుముందు కూడా పడ్డారు. చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు." పడ్డానని తెలిస్తే కొడుకు ఈ క్లాసులు మాన్పించేస్తాడని ఆయన భయం.

తరచి అడిగితే సంగతి బయటపడింది. పడ్డ రెండుసార్లూ క్లాసు అయిపోయాకే. ఎం.ఎస్.లో మూత్రం ఆపుకోవడం కష్టం, వచ్చిందంటే పరుగెత్తాల్సిందే. అరగంట వ్యాయామంతో కాళ్లు అప్పటికే సొమ్మసిల్లి ఉంటాయి. హవాయి చెప్పులు, తడి గచ్చు. ఫిజియో తెర మీద "రేపు కలుద్దామండీ" అని నవ్వి కాల్ పెట్టేసిన పది నిమిషాలకు ఆయన నేల మీద ఉన్నారు. మా రికార్డులో మాత్రం ఆ రోజు క్లాసు "ఏ ఇబ్బందీ లేకుండా" ముగిసింది. ఈ జబ్బున్నవాళ్లలో సగానికి పైగా ఏ మూడు నుంచి ఆరు నెలల కాలం తీసుకున్నా ఒక్కసారైనా పడతారని అధ్యయనాలు చెబుతున్నాయి. కాబట్టి పడలేదంటే నేను వెంటనే నమ్మను.

ఆయన వ్యాయామాల్లో ఒక్కటీ మార్చలేదు. క్లాసుకు ముందు బాత్రూంకి వెళ్లి రావాలి, అయ్యాక పావుగంట కుర్చీలోంచి లేవకూడదు, హవాయి చెప్పుల బదులు వెనక పట్టీ ఉన్నవి తొడుక్కోవాలి అన్నాం. నున్నటి బండల మీద జారే ప్లాస్టిక్ కుర్చీ తీసేసి, కొట్లోంచి బరువైన చెక్క కుర్చీ తెప్పించి గోడకు ఆనించి వేయించాం. అడిగే తీరు కూడా మార్చాం. "పడ్డారా?" అంటే "లేదండీ" అనే వస్తుంది. "ఈ వారం ఎన్నిసార్లు గోడ పట్టుకోవాల్సి వచ్చింది?" అంటే వేళ్లు మడిచి లెక్క చెబుతారు.

ఇక ఎండ సంగతి. ఖమ్మం దగ్గర పల్లెలో టీచరుగా చేసే ఒకావిడ, ఏప్రిల్‌లో ఒంటిపూట బడి అయ్యాక, భోంచేసి, మూడింటికి మేడ మీద గదిలో క్లాసు పెట్టుకున్నారు. నెత్తిన స్లాబు నిప్పులు కక్కుతుంటే నిలబడి మోకాళ్లు వంచే వ్యాయామం. పది నిమిషాలకు కుడి కన్ను మసకేసింది, కాళ్లు వణికి కూలబడ్డారు. ఇంట్లోవాళ్లు హడలిపోయి ఊళ్లో ఆర్.ఎం.పి. డాక్టర్ని పిలిపించారు. ఆయన జబ్బు తిరగబెట్టిందని స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేసేశాడు. నాకు ఫోన్ వచ్చేసరికి రాత్రయింది. చూపు అప్పటికే తేటపడింది. మిగిలిందల్లా స్టెరాయిడ్ తాలూకు నిద్రలేమి.

ఇలా కాసేపు చూపు మసకేసి మళ్లీ తేటపడడాన్ని 1890లోనే జర్మన్ కంటి వైద్యుడు ఊటాఫ్ వర్ణించాడు. నరం మీది మైలిన్ పొర దెబ్బతిన్నచోట సంకేతం ఎలాగో నెట్టుకొస్తుంటుంది. ఒంటి వేడి అర డిగ్రీ పెరిగినా అది అక్కడ ఆగిపోవచ్చు. చల్లబడితే మళ్లీ సాగుతుంది. నరానికి కొత్తగా నష్టమేమీ ఉండదు. నిజంగా తిరగబెడితే లక్షణం 24 గంటలైనా నిలవాలి, జ్వరమో ఇన్ఫెక్షనో కారణం కాకూడదు. ఈ తేడా ఇంట్లోవాళ్లకు మొదటి రోజే చెప్పి తీరాలి. చెప్పకపోతే ఒకరు అనవసరంగా స్టెరాయిడ్ వేయించుకుంటారు, ఇంకొకరు భయపడి వ్యాయామానికే దండం పెట్టేస్తారు.

విదేశీ సూచనల్లో "గదిని చల్లగా ఉంచండి" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. రాసినవాళ్లు ఖమ్మం ఏప్రిల్ చూసి ఉండరు. ఆవిడ క్లాసును తెల్లవారి ఆరింటికి మార్చి, కింద వరండాలోకి దింపాం. మెడ చుట్టూ తడి తువ్వాలు, క్లాసుకు ముందు గ్లాసెడు చల్లటి నీళ్లు, మధ్య మధ్య రెండేసి నిమిషాల విరామం. వేసవంతా ఒక్క క్లాసు ఎగ్గొట్టలేదు. జ్వరం ఉన్నా, మూత్రంలో మంట ఉన్నా మాత్రం క్లాసు వద్దని గట్టిగా చెప్పాం. లోపలి వేడి కూడా అదే పని చేస్తుంది.

తెరకు అసలు అందనిది స్పర్శ. పాలకొండ వైపు ఒకావిడకు రాత్రిళ్లు కాళ్లు బిగుసుకుపోయి నిద్ర పట్టకపోతే, అక్కడి డాక్టరు బిగుతు సడలించే బాక్లోఫెన్ మందు మోతాదు పెంచారు. మోతాదు పెంచిన కారణం సరైనదే. కానీ ఆవిడ నిలబడేది ఆ బిగుతు మీదే. కొయ్యలా ఉండే కాలే ఇన్నాళ్లూ బరువు మోసింది. అది సడలగానే క్లాసులో మోకాలు మడత పడింది. పక్కనున్న కొడుకు పట్టుకోబట్టి సరిపోయింది. క్లినిక్కులో అయితే ఫిజియో చెయ్యి వేయగానే కాలు మెత్తబడిందని తెలిసిపోయేది. ఫోన్లో తెలియదు. అందుకే ఇప్పుడు ప్రతి క్లాసూ "మందుల్లో ఏమైనా మారిందా అమ్మా?" అన్న ప్రశ్నతోనే మొదలవుతుంది.

ఆ రోజే ఇంకొకటి తట్టింది. ఆవిడ నిజంగా పడి ఉంటే మేమేం చేసేవాళ్లం? హైదరాబాదులో 108 నొక్కితే తెలంగాణ కాల్ సెంటర్ పలుకుతుంది. ఆవిడ ఉన్నది ఆంధ్రలో. అప్పటినుంచి పూర్తి చిరునామా, పక్కింటివాళ్ల నంబరు, దగ్గర్లోని ఆసుపత్రి పేరు రాసుకోనిదే మొదటి క్లాసు పెట్టడం లేదు. 2020 మార్చి 25న కేంద్రం ఇచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు, ఫోన్లో చూస్తే సరిపోతుందా లేక మనిషి రావాలా అన్నది డాక్టరు విచక్షణకే వదిలాయి. నా మటుకు నేను మొదటి పరీక్ష ఎదురుగానే చేస్తాను.

ఇన్ని నియమాలూ పెట్టుకున్నాక కూకట్‌పల్లి అమ్మాయి ఒకతి నన్ను నిలదీసింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఒంటరిగా ఫ్లాట్‌లో ఉంటుంది, చేతికర్రతో నడుస్తుంది. ఇంట్లో ఇంకో మనిషి లేకపోతే క్లాసు లేదన్నది నా నియమం. "పక్కన మనిషే ఉంటే నేను క్లినిక్కుకే వచ్చేదాన్ని కదా సార్" అంది. జవాబు దొరకలేదు. పడుకునీ, కూర్చునీ చేసేవి మాత్రం ఒప్పుకున్నాను. తలుపు లోపల గడియ వేయకూడదు. కింద వాచ్‌మన్ భార్య నంబరు మా దగ్గర ఉంటుంది. క్లాసు అయ్యాక ఆ అమ్మాయి బాత్రూంకి వెళ్లి వచ్చి మంచం మీద కూర్చునేదాకా కాల్ కట్ చేయం.

ఇప్పుడు నిలబడి చేసే బ్యాలెన్స్ వ్యాయామాలు కావాలంటోంది. అడగడంలో తప్పు లేదు, ఎప్పుడూ కూర్చుని చేస్తుంటే నిలకడ రాదు. రెండు వైపులా వంటగట్టు ఉన్న మూలలో, వెనక కుర్చీ వేసుకుని చేయొచ్చని మా ఫిజియో వాదన. ముందు మళ్లీ ఒకసారి ఎదురుగా చూడందే ఒప్పుకోనని నా పట్టు. శనివారం రమ్మన్నాం. క్యాబ్‌లో వస్తానంది, మా బిల్డింగ్‌లో లిఫ్ట్ పనిచేస్తోందో లేదో బయల్దేరే ముందు ఫోన్ చేసి కనుక్కుంటానంది.