జ్ఞానదంతం నేర్పిన పాఠం

"పళ్లూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం" అని పెద్దల సామెత. చిన్ననాటి నుండి ఆ మాట వింటూనే ఉన్నప్పటికీ, ఒక పన్ను ఊడడం వెనుక ఇంత కథ ఉంటుందని డిగ్రీ రెండవ సంవత్సరం వరకు మేమెరుగము. మా అనుభవం ఘనమైనదేమీ కాదు. అయినా మా వయసువారిలో చాలామందికి ఇది ఎదురుకానున్నది కనుక చదువరుల ముందుంచుతున్నాము.

మనిషి నోటిలోని 32 పళ్లలో చిట్టచివర వచ్చేవి నాలుగు. సాధారణంగా 17 నుండి 25 ఏళ్ల మధ్య దవడల కొసన మొలుస్తాయి. కొందరికి అసలే రావు. బుద్ధి వికసించే వయసులో వచ్చేవి కనుక తెలుగువారు వాటిని జ్ఞానదంతాలన్నారు. ఉర్దూలో అఖల్ దాఢ్ అంటారు. లాటిన్ భాషలోనూ వాటి పేరుకు అర్థం అదే. ఇన్ని భాషలవారు ఏకగ్రీవంగా పలికిన మాటలో సత్యం ఉండకపోదని మేము నమ్మేవారము. మా పన్ను మొలిచిన రోజుల్లో మాలో ఉన్నది జ్ఞానం కాదని, వట్టి అభిమానమేనని తరువాత తెలిసివచ్చింది.

కుడివైపు కింది దవడ చివర సలుపు మొదలైన నాటికి అంతర్ కళాశాలల వక్తృత్వ పోటీకి రెండు వారాల వ్యవధి ఉన్నది. మా కళాశాల పక్షాన మేమే మాట్లాడవలసి ఉండెను. నొప్పి సంగతి చెబితే ఆ అవకాశం చేజారుతుందని అధ్యాపకులకు చెప్పలేదు. ఆ నెలలోనే మా పరీక్ష ఫీజు కోసం అబ్బా చేబదులు తెచ్చి ఉన్నారు. పంటి వైద్యమంటే వేలతో పని అని ఎవరో అనగా విని ఇంటివారికీ చెప్పలేదు. ప్రతి శుక్రవారం అమ్మీ ఫోను చేసి, "తబియత్ బాగున్నదా బేటా?" అని అడిగేవారు. "బాగున్నది అమ్మీ" అని చెంప పట్టుకుని జవాబిచ్చేవారము.

వసతిగృహంలో వైద్యులకు కొదువలేదు. ఒకరు లవంగం నమలమన్నారు. ఒకరు జామాకు నమలమన్నారు. మరొకరు నొప్పి మాత్రను మింగకుండా చిగురుపై అదిమి ఉంచితే క్షణంలో తగ్గునన్నారు. ఆ పనీ చేశాము. నొప్పి తగ్గలేదు సరికదా, చిగురు తెల్లగా కాలి పొక్కింది. ఎనిమిదవ నాటికి చెంప ఉబ్బింది. జ్వరం తగిలింది. అద్దం ముందు నిలబడి నోరు తెరువబోతే ఒక్క వేలు దూరేంత సందు కూడా ఏర్పడలేదు. చెప్పవలసిన నాడు నోరు విప్పలేదు. విప్పుదామనుకున్న నాడు అది తెరుచుకోలేదు.

మా గదిమిత్రుడు, "పదవయ్యా మియా, ఇక నీ మాట వినేది లేదు" అని కోపించి ప్రభుత్వ దంతవైద్యశాలకు తీసుకుపోయాడు. చీటీ వ్రాయించి వరుసలో కూర్చున్నాము. డాక్టరమ్మ గారు పరీక్షించి, "ఎన్నాళ్లయింది బాబూ?" అన్నారు. "రెండు రోజులండీ" అన్నాము. ఆమె మావైపు చూసి, "రెండు రోజుల వాపు ఇట్లా ఉండదు. నిజం చెబితేనే మందు సరిగా ఇవ్వగలను" అన్నారు. తల వంచుకుని నిజం చెప్పాము.

ఎక్స్‌రే తీశారు. మిగిలిన పళ్లన్నీ సిపాయిల వలె నిటారుగా నిలబడి ఉండగా, ఆ ఒక్క పన్ను మాత్రం అడ్డంగా పడుకుని ముందరి పన్నును తోస్తున్నది. సగం పైకి వచ్చి సగం చిగురు కింద ఉండిపోవడంతో, ఆ చిగురు మడతలో తిన్నదంతా చిక్కి కుళ్లి చీము పట్టిందట. దవడ కండరాలు బిగుసుకున్నదీ అందువల్లనే. నిటారుగా మొలిచి, శుభ్రం చేసుకోవడానికి వీలున్న జ్ఞానదంతాన్ని తీయనవసరం లేదని, ఇది మాత్రం తీయక తప్పదని చెప్పారు. ముందు ఐదు రోజులు మందులు వాడి వాపు తగ్గించుకొమ్మన్నారు.

ఆ ఐదు రోజుల్లోనే పోటీ వచ్చింది. మేము వ్రాసుకున్న ఉపన్యాసాన్ని రెండు రాత్రుల్లో కంఠస్థం చేసి గదిమిత్రుడు మా బదులు వేదిక ఎక్కాడు. మేము వెనుక బెంచీపై చెంపకు రుమాలు అడ్డం పెట్టుకుని, మా వాక్యాలను మరొకరి నోట విన్నాము. బహుమతి రాలేదు. వచ్చి ఉంటే మా బాధ ఇంకా హెచ్చేదేమో, ఇప్పటికీ చెప్పలేము.

పన్ను తీసేనాడు కుర్చీలో కూర్చోగానే కాళ్లు వణికాయి. ధైర్యం కోసం చదివిన చరిత్రను తలచుకున్నాము. 1844లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ నగరంలో హోరెస్ వెల్స్ అనే దంతవైద్యుడు నైట్రస్ ఆక్సైడ్ వాయువు పీల్చి, తన పన్నునే తీయించుకుని, నొప్పిలేని శస్త్రచికిత్స సాధ్యమేనని తెలుసుకున్నాడు. మన హైదరాబాదులోనే ఆరవ నిజాం కాలంలో, 1888, 1889 సంవత్సరాలలో, ఎడ్వర్డ్ లారీ చొరవతో రెండు క్లోరోఫాం కమిషన్లు ఆ మత్తుమందు క్షేమకరమా కాదా అని పరీక్షించాయి. ఆ మందులు మనిషిని నిద్రపుచ్చేవి. మాకిచ్చిన లిగ్నోకెయిన్ 1943లో స్వీడన్ దేశంలో తయారైనది. అది ఆ చోటును మాత్రమే మొద్దుబార్చుతుంది. సూది గుచ్చిన కొద్దిసేపటికే పెదవిలో సగం, నాలుకలో సగం మావి కాకుండాపోయాయి. చిగురు కోసి, ఎముక కొంత తొలిచి, పన్నును రెండు ముక్కలు చేసి తీశారు. చప్పుడు వినబడింది, ఒత్తిడి తెలిసింది. నొప్పి మాత్రం లేదు. మూడు కుట్లు వేసి, దూది గుడ్డ కరిపించి పంపారు.

జాగ్రత్తలన్నీ కాగితంపై వ్రాసి ఇచ్చారు. మొదటి రోజు పుక్కిలించరాదు, ఉమ్మరాదు, గొట్టంతో పీల్చి తాగరాదు. బయటి నుండి చెంపపై మంచుగడ్డ పెట్టాలి. ఉప్పునీళ్లు రెండవ నాటి నుండి మాత్రమే. పన్ను ఊడిన గుంటలో గడ్డకట్టే నెత్తురే అక్కడి ఎముకకు కాపలా. అది కదిలిపోతే ఎముక బయటపడుతుంది. అంతా శ్రద్ధగా విన్నాము. రాత్రి నోట నెత్తురు రుచి తగలగానే అంతా మరచి, స్నానాలగదికి పోయి నాలుగుసార్లు గట్టిగా పుక్కిలించి ఉమ్మాము.

నాలుగవ నాటికి వాపు తీస్తున్నది. నొప్పి తగ్గవలసింది పోయి చెవిదాకా పాకింది. నోట దుర్వాసన. మా తప్పువల్లనేనని తెలిసి, డాక్టరమ్మ గారికి ముఖం చూపలేక ఆ రాత్రంతా మళ్లీ మూగనొప్పి భరించాము. ఒకసారి కాలిన చేయిని మళ్లీ నిప్పులో పెట్టినట్లయింది. తెల్లవారి వెళ్లి ఈసారి అడగకముందే జరిగింది చెప్పాము. ఆమె కోపగించలేదు. గుంటను కడిగి మందు పూసిన గుడ్డ పెట్టారు. అది లవంగం వాసన వేసింది. లవంగనూనెలోని సారమే ఆ మందులో ఉంటుందట. మా నాయనమ్మ వైద్యం తప్పు కాదు. దానికి తగిన చేయి, తగిన సమయం కావాలి.

ఇంతలో గదిమిత్రుడు మాకు చెప్పకుండా ఇంటికి ఫోను చేశాడు. అమ్మీ మెత్తని కిచిడీ డబ్బా పట్టుకుని బస్సు దిగారు. "ఎందుకు చెప్పలేదు?" అని ఒక్కటే ప్రశ్న అడిగారు. ఫీజు మాట, చేబదులు మాట నోటికి రాలేదు. ఇద్దరమూ తింటుండగా, ఆమె ఎడమవైపే నమలడం మా కంటపడింది.

"అమ్మీ, మీరు అటుపక్కే నములుతున్నారేమి?"

"పాతదే బేటా. లవంగం పెట్టుకుంటే తగ్గిపోతుంది."

"ఎన్నాళ్ల నుండి?"

"నీవు ఇంటర్మీడియట్‌లో చేరినప్పటి నుండి" అని నవ్వేశారు.

మౌనం మేము ఎవరి వద్ద నేర్చుకున్నామో అప్పుడు అర్థమైంది. ఏడవ నాడు కుట్లు విప్పించుకోవడానికి వెళ్లినప్పుడు రెండు చీటీలు వ్రాయించాము. అమ్మీ పన్ను పుచ్చి లోతుకు పోయింది. ముందే వచ్చి ఉంటే నింపి నిలుపుకొనేవారమని, ఇప్పుడు తీయవలసిందేనని అన్నారు. అమ్మీ కుర్చీలో కూర్చుని మా చేయి పట్టుకున్నారు. వేలతో పని అని భయపడిన మా ఇద్దరి వైద్యానికి ఆ వైద్యశాలలో అయిన ఖర్చు, అమ్మీ రానుపోను బస్సు ఛార్జీలకు మించలేదు.

సోదర విద్యార్థులారా, నొప్పిని దాచుకోవడం సహనం కాదు. ఇంటివారిపై ప్రేమతోనే దాస్తాము, నిజమే. చివరకు వారికి మిగిలేది రెట్టింపు దిగులు. దవడ కొసన సలుపు మొదలైతే వైద్యుని వద్దకు పోండి. ఆయన అడిగినదానికి నిజం చెప్పండి. చెప్పినది చేయండి.

గడచిన శుక్రవారం అమ్మీ ఫోను చేశారు. ఈసారి మా కుశలం అడగడానికి ముందే, తన పన్ను తీసిన చోటు మానిందని, రెండువైపులా నమిలి తింటున్నానని చెప్పారు.