సూరత్ వీధిలో గుడ్డు ‘ఘోటాలా’!

సూరత్‌లో భోజనం, కాశీలో మరణం... రెండూ దక్కినవాడిదే అదృష్టమంటారు గుజరాతీలు. లోచో, ఘారీ, చలికాలమైతే ఊంధియూ, పోంక్... ఆ భోజనంలో చెప్పుకోదగ్గవి చాలానే ఉన్నాయి. అన్నీ శాకాహారమే. కానీ తపతి ఒడ్డున పొద్దు వాలిందంటే చాలు, ఆ జాబితాలో లేని వంటకం ఒకటి వీధుల్లో ఘుమఘుమలాడుతుంది. పెనం మీద గరిటె టకటకలు, కరుగుతున్న వెన్న, ముక్కుపుటాలదిరే పచ్చి వెల్లుల్లి ఘాటు... దాని పేరు అండా ఘోటాలా!

హిందీ వార్తల పుణ్యమా అని ఘోటాలా అంటే కుంభకోణమనే మనకు తెలుసు. గందరగోళం, కలగాపులగం అన్న అర్థమూ ఉంది. ఉడికించిన గుడ్డునీ, సగం వేగిన గుడ్డునీ ఒకే మసాలాలో కలిపేస్తారు కాబట్టి ఈ వంటకానికి ఆ పేరు. తికమక పెట్టే మాట ఇంకోటీ ఉంది. గుజరాతీలో తోపుడు బండిని ‘లారీ’ అంటారు. సూరత్‌లో ఎవరైనా ‘గుడ్ల లారీ దగ్గర కలుద్దాం’ అంటే హైవే వైపు వెళ్లకండి!

ఆ లారీ మీద అట్టలకు అట్టలు గుడ్లు పేర్చి ఉంటాయి. మధ్యలో వెడల్పాటి ఇనప పెనం, పక్కనే పావ్‌ల దొంతర, వెన్న దిమ్మ. బాయిల్డ్ ఫ్రై, హాఫ్ ఫ్రై, ఖీమా, ఘోటాలా... ఏది అడిగినా నిమిషాల్లో సిద్ధం. చుట్టూ నిలబడి తినేవాళ్లలో వజ్రాలు సానపట్టేవాళ్లుంటారు, బట్టల మార్కెట్ గుమాస్తాలుంటారు, పన్నెండు గంటల షిఫ్టు ముగించుకుని వచ్చే మరమగ్గాల కార్మికులుంటారు. కాలేజీ కుర్రాళ్ల సంగతి సరేసరి. ఇంట్లో గుడ్డు మాటే ఎత్తకూడని వాళ్లూ ఈ గుంపులో ఉంటారు. తినాలనిపిస్తే వీధిలోకి రావాల్సిందే. తినేసి, చేతులు కడుక్కుని, ఇంత సోంపు నమిలి ఇంటిదారి పడతారు. వంటింట్లో చోటు దొరకని గుడ్డు వీధిలో ఇన్ని రుచులు నేర్చింది!

ఆ వీధిలో చోటుకూ ఓసారి ముప్పొచ్చింది. 2021 నవంబరులో రాజ్‌కోట్, వడోదర, అహ్మదాబాద్ నగరపాలక సంస్థలు ప్రధాన రహదారుల మీద మాంసాహారం, గుడ్లు అమ్మే బళ్లను తొలగించడానికి పూనుకున్నాయి. తమ అభ్యంతరం తిండి మీద కాదనీ, అపరిశుభ్రత మీద, ట్రాఫిక్‌కు అడ్డు మీదేననీ ప్రభుత్వం చెప్పింది. అలాగైతే పక్కనున్న దాబేలీ బండి అడ్డు కాదా అన్నది బళ్లవాళ్ల తరఫున ఎవరికైనా వచ్చే సందేహమే. అహ్మదాబాద్ చిరువ్యాపారులు హైకోర్టుకెక్కారు. జనం ఏం తినాలో మీరెలా నిర్ణయిస్తారంటూ డిసెంబరులో న్యాయస్థానం కార్పొరేషన్‌ను నిలదీసింది. రోజు గడవడానికి బండి పెట్టుకున్నవాడికి నాలుగు రోజులు పెనం వెలగకపోయినా కష్టమే మరి.

సూరత్‌లో గుడ్డుకు వంటింట్లో పీట వేసే పేటలూ లేకపోలేదు. లింబాయత్ వైపు వెళితే తెలుగు మాట వినిపిస్తుంది. మగ్గం పని వెతుక్కుంటూ తెలంగాణ జిల్లాల నుంచి వెళ్లి స్థిరపడిన పద్మశాలి కుటుంబాలవి. వాళ్ల పిల్లల కోసం సూరత్ కార్పొరేషన్ తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతూ వచ్చింది. కోడిగుడ్డు పులుసు, ఎల్లిపాయ కారం తెలిసిన చేతులకు ఘోటాలా ఓ లెక్కా! మనకు మాత్రం గుడ్లకేం కొదవ? 2022-23లో దేశంలో ఉత్పత్తయిన గుడ్లలో ఐదో వంతు ఆంధ్రప్రదేశ్‌వే.

ఇద్దరు ముగ్గురికి అయిదు గుడ్లు చాలు. మూడింటిని గట్టిగా ఉడికించి, చల్లారాక తురమాలి. ముక్కలు కోస్తే అది ఘోటాలా కాదు, మామూలు గుడ్డు కూర. నాలుగు పచ్చిమిర్చి, ఎనిమిది వెల్లుల్లి రెబ్బలు, అంగుళం అల్లం కచ్చాపచ్చాగా దంచుకోవాలి. బాణలిలో రెండు చెంచాల వెన్న, చెంచా నూనె వేసి (వట్టి వెన్న అయితే మాడిపోతుంది) రెండు ఉల్లిపాయల సన్నటి తరుగును ఎర్రగా వేయించాలి. దంచిన ముద్ద వేసి పచ్చివాసన పోయాక, రెండు టొమాటోలు, ఉప్పు, పసుపు, చెంచా కారం, చెంచా ధనియాలు-జీలకర్ర పొడి, అరచెంచా గరం మసాలా పడాలి. అరకప్పు నీళ్లు పోసి... ఇక్కడే ఉంది కిటుకు. గరిటెతో కలపడం కాదు, పప్పుగుత్తితో మెదపాలి. ఉల్లి, టొమాటో ఆనవాలు లేకుండా పోయి, అంచుల వెంట నూనె తేలేదాకా! బండివాడి చేతిలో టకటకలాడే పనిముట్టు చేసేదీ ఇదే.

అప్పుడు గుడ్డు తురుము వేసి మూడు నాలుగు నిమిషాలు సన్నసెగ మీద ఉంచాలి. మరో పెనం మీద మిగతా రెండు గుడ్లనూ పచ్చసొన చిదరకుండా హాఫ్ ఫ్రై చేసి, మసాలా మీదకు జార్చి, గరిటె అంచుతో పొడిచి కలిపేయాలి. కారుతున్న సొన మసాలాకు చిక్కదనాన్నిస్తుంది, కారాన్నీ కాస్త లొంగదీస్తుంది.

చలికాలంలో సూరత్‌వాళ్లు దీనిలో ఆకులతో సహా పచ్చి వెల్లుల్లిని గుప్పెళ్లకొద్దీ తరిగి వేస్తారు. మన సంతల్లో అది అరుదు. వెల్లుల్లి రెబ్బల్ని కుండీలో గుచ్చి నీళ్లు చిలకరిస్తే రెండు మూడు వారాల్లో ఆకు అందివస్తుంది. అంత ఓపిక లేకపోతే ఉల్లికాడలతో సరిపెట్టుకోవచ్చు, ఘాటు తగ్గుతుందంతే.

పైన కొత్తిమీర, నిమ్మరసం, పక్కన వెన్నలో కాల్చిన పావ్. పావ్ లేకుంటే జొన్నరొట్టె. కానీ దింపిన వెంటనే తినేయాలి. సొన గట్టిపడ్డాక మళ్లీ వేడిచేస్తే పొడిపొడిగా పొరటులా మిగులుతుంది.