సభా మౌనం

ముప్పై సంవత్సరాలుగా విరాటపర్వాన్ని పాఠం చెబుతున్నాను. కీచకవధ ఘట్టం రాగానే తరగతిలో ఉత్సాహం వెల్లివిరుస్తుంది. విద్యార్థులకు భీముని బలం ఇష్టం. నన్ను మాత్రం ఆ వధకు ముందు జరిగిన సంఘటనే ఎక్కువగా కలచివేస్తుంది. సైరంధ్రి వేషంలో ఉన్న ద్రౌపది కీచకుని బారినుండి తప్పించుకొని రాజసభకు పరుగెత్తి వస్తుంది. అతడు వెంటాడి వచ్చి, అందరూ చూస్తుండగానే ఆమెను తన్నుతాడు. కీచకుడు రాజుకు బావమరిది, పైగా సేనాధిపతి; అందువల్ల విరాటుడు అతనిని దండించలేకపోయాడు. అజ్ఞాతవాసం బయటపడుతుందని ధర్మరాజు భీముని వారించాడు. ఎవరి కారణం వారికి ఉంది. దెబ్బ తిన్నది మాత్రం ఆమె.

ఆ మౌనానికి మూల్యం ఆమె ఒక్కతే చెల్లించలేదు. కీచకుడు ప్రాణాలు కోల్పోయాడు. అతని సోదరులైన ఉపకీచకులు నశించారు. సేనాధిపతి లేడని తెలిసి సుశర్మ మత్స్యదేశంపై దండెత్తాడు. ఆ యుద్ధంలో విరాటుడే శత్రువుకు చిక్కాడు. ఒక పురుషుని దౌర్జన్యం ఒక స్త్రీతో ఆగిపోదనీ, అది ఇంటినీ ఊరినీ చుట్టుముడుతుందనీ ఈ కథ మనకు తెలియజేస్తున్నది.

అటువంటి సభ ప్రతి వీధిలోనూ ఉంటుంది. నా చిన్నతనంలో మా వీధిలో ఒక పెద్దమనిషి ఉండేవారు. మద్యం ముట్టేవారు కాదు. నలుగురిలో మర్యాదగా మాట్లాడేవారు. కొన్ని రాత్రులు ఆ ఇంటినుండి దెబ్బల చప్పుడు, అణచుకొన్న ఏడుపు వినవచ్చేవి. ఇరుగుపొరుగువారు కిటికీలు మూసుకొనేవారు. ‘మొగుడూ పెళ్ళాల గొడవ, మనకెందుకు?’ అనేవారు. వారి అబ్బాయి నా సహాధ్యాయి. ఉపాధ్యాయుడు నల్లబల్లపై రాయడానికి చెయ్యెత్తినా అతడు ఉలిక్కిపడేవాడు. పెద్దయ్యాక ఒకనాడు నాతో ఇలా అన్నాడు: ‘నాన్న కొట్టిన దెబ్బలకన్న, మీరందరూ వింటున్నారన్న సంగతే మా అమ్మను ఎక్కువ బాధించింది. నాకు కోపం వచ్చినప్పుడల్లా నా చేతులను చూసి నేనే భయపడతాను.’

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 18 నుండి 49 ఏళ్ళ వివాహిత స్త్రీలలో సుమారు 29 శాతం మంది భర్త హింసకు గురైనవారే. శారీరక, లైంగిక హింసను అనుభవించిన స్త్రీలలో సహాయం కోరినవారు 14 శాతం మాత్రమే. మిగిలినవారిది ఓర్పు కాదు. చెప్పుకొన్నా వినేవారు లేరన్న నిరాశ.

ఈ మౌనం మగపిల్లలను కూడా గాయపరుస్తుంది. ‘మగవాడివై ఉండి ఏడుస్తావా?’ అని చిన్ననాడే వారి కన్నీటిని అడ్డుకొంటాము. దుఃఖాన్ని మాటలలో చెప్పుకోవడం నేర్వని బాలునికి కోపం ఒక్కటే భాషగా మిగులుతుంది.

మాటకు ఎంత శక్తి ఉన్నదో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు నిరూపించారు. అక్షరాలు నేర్చుకోవడానికి కూడిన ఆ స్త్రీలు సారా వల్ల తమ ఇళ్ళలో జరుగుతున్న హింసను ఒకరితో ఒకరు చెప్పుకొన్నారు. ఎవరి బాధ వారిదే అనుకొన్నది అందరి బాధ అని తేలింది. 1992లో వర్ధినేని రోశమ్మ వంటివారు ముందు నిలిచి సారాను ఊరిలోకి రానీయలేదు. ఆ ఉద్యమం రాష్ట్రమంతటా వ్యాపించి, 1993లో సారా నిషేధానికి, 1995లో సంపూర్ణ మద్యనిషేధానికి దారితీసింది. 1997లో మద్యనిషేధం సడలింది. అయినా ఇంటి గొడవ అనుకొన్నదానిని ఊరి సమస్యగా నిలబెట్టిన ఘనత ఆ స్త్రీలదే. అయితే, మా వీధి పెద్దమనిషి వంటివారిని తలచుకొంటే, మద్యం ఒక్కటే ఈ హింసకు మూలం కాదని కూడా గ్రహించాలి. కొట్టే హక్కు తనకున్నదన్న భావమే అసలు మూలం.

2005లో వచ్చిన గృహహింస నిరోధక చట్టం దెబ్బలనే కాక తిట్లను, మానసిక వేధింపును, డబ్బు అందకుండా చేయడాన్ని కూడా హింసగానే పరిగణించింది. స్త్రీలకు 181, బాలలకు 1098 సహాయవాణులు ఉన్నాయి. కాని చట్టం తనంతట తాను తలుపు తట్టదు. ఎవరో ఒకరు నోరు తెరవాలి.

విద్యార్థులారా! మీ స్నేహితుడు ఒక అమ్మాయిని అవమానించి నవ్వినప్పుడు అతనితో కలిసి నవ్వకండి. పక్క ఇంట ఏడుపు వినబడితే కిటికీ మూయకండి. పెద్దలను వెంటబెట్టుకొని వెళ్ళి తలుపు తట్టండి. మీ ఇంటిలోనే ఆ బాధ ఉంటే నమ్మకమైన గురువుకు చెప్పండి. అలా చెప్పుకోవడం ఇంటి పరువు తీయడం కాదు, ఆ ఇంటిని నిలబెట్టడమే.